భయం ఒకచోట, ముప్పు ఇంకోచోట
షుగర్, వ్యసనం, దిగులు: అపోహలు – వాస్తవాలు

పెళ్లి రిసెప్షన్లలో ఏదో ఒక బల్ల దగ్గర వైద్యసలహా ఉచితంగా దొరుకుతుంది. “నీకు షుగర్ కదా బావా, బీరు వద్దులే. విస్కీ తీసుకో, అందులో చక్కెరుండదు.” ఈ మాటలో సగం నిజముంది. విస్కీలో నిజంగానే చక్కెర ఉండదు. మర్నాడు పొద్దున గ్లూకోమీటర్‌లో అంకె తక్కువగా కనిపిస్తే బావగారికి ఆ సగం నిజం పూర్తి నిజమైపోతుంది. విస్కీ పడితే షుగర్ కంట్రోల్‌లో ఉంటుందన్న కబురు మరో నలుగురికి చేరుతుంది.

అసలు ప్రమాదం ఆ తగ్గిన అంకెలోనే ఉంది. భోజనానికీ భోజనానికీ మధ్య, ముఖ్యంగా రాత్రిపూట, రక్తంలో చక్కెర పడిపోకుండా చూసేది కాలేయం. దాచుకున్న గ్లూకోజు కొంత, అప్పటికప్పుడు తయారుచేసింది కొంత రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఆల్కహాలు లోపలికి వెళ్లగానే కాలేయం దాన్ని వదిలించుకునే పనిలో పడి, కొత్త గ్లూకోజు తయారీని పక్కన పెడుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు తాగి, అన్నం తినకుండా పడుకుంటే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే కిందికి జారిపోవచ్చు. తాగిన గంటకే జరగాలని లేదు. 24 గంటల దాకా ఆ ముప్పు ఉంటుంది.

తెల్లవారుజామున చెమటలు, వణుకు, మాట తడబాటు, తూలడం, అకారణంగా కోపం. ఇంట్లోవాళ్లు చూసి రాత్రిది ఇంకా దిగలేదనుకుని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. నోట్లోంచి వాసన కూడా వస్తుంటే మరో అనుమానం ఎందుకు కలుగుతుంది? చక్కెర పడిపోయిన మనిషీ, మత్తు దిగని మనిషీ పైకి ఒకేలా కనిపిస్తారు. తేడా తేల్చేది వేలికి గుచ్చి చూసే పరీక్ష ఒక్కటే. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

చక్కెర లేదంటే లావెక్కరనీ కాదు. ఒక గ్రాము ఆల్కహాలుకు 7 కేలరీలు. ఒక లార్జ్ పెగ్గులో, అంటే 60 మిల్లీలీటర్లలో, సుమారు 140 కేలరీలుంటాయి. పక్కన పెట్టుకునే చికెన్ పకోడీ లెక్క వేరే. ఏళ్ల తరబడి విపరీతంగా తాగితే క్లోమగ్రంథి వాచి, దెబ్బతిని, తాగుడే షుగర్‌ను తెచ్చిపెడుతుంది. ఆ రకం షుగర్‌లో ఇన్సులిన్‌తో పాటు, చక్కెర పడిపోకుండా కాపాడే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది కాబట్టి చికిత్స మరీ కష్టం.

భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది మద్యం తాగుతారు. ఈ రెండు గుంపుల్లోనూ ఉన్నవాళ్లు ఎంతమందో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ల ఇళ్లలో తరచూ కనిపించే విచిత్రం ఒకటుంది. భయపడాల్సినదాన్ని నిబ్బరంగా మింగేస్తారు, భయపడనక్కర్లేనిదానికి వణికిపోతారు.

“ఇన్సులిన్‌కి అలవాటు పడితే ఇక వదలదు”

ఈ వణుకుల్లో మొదటిది ఇన్సులిన్. డాక్టర్ ఆ పేరెత్తగానే “ఇంకో మూడు నెలలు మాత్రలతోనే చూద్దాం సార్” అని బతిమాలేవాళ్లు ప్రతి క్లినిక్‌లోనూ కనిపిస్తారు. ఆ మూడు నెలలు మూడేళ్లయ్యేసరికి కళ్లో, కిడ్నీలో, పాదాలో దెబ్బతింటాయి.

ఇన్సులిన్ మన ఒంట్లో పుట్టుకతోనే ఉన్న హార్మోను. బయటినుంచి ఇచ్చేది, తగ్గినదాన్ని పూడ్చడానికి. దాంతో కైపెక్కదు, ఇంకా ఇంకా కావాలన్న యావ పుట్టదు. టైప్-1 ఉన్నవారికి అది జీవితాంతం అవసరం, నిజమే. ఊపిరి తీసుకోవడం ఎలా వ్యసనం కాదో అదీ అంతే. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేనాటికి టైప్-1 వచ్చిన పిల్లలు అర్ధాకలి పథ్యంతో చిక్కి శల్యమై చనిపోయేవారు. ఇన్సులిన్ అందాక ఆ పిల్లవాడు మరో 13 ఏళ్లు బతికాడు. ఇక టైప్-2 వారిలో ఆపరేషన్‌కో, ఇన్‌ఫెక్షన్‌కో ఇన్సులిన్ మొదలుపెట్టి తర్వాత ఆపేయడం డాక్టర్లకు మామూలే. గర్భిణిగా ఉన్నప్పుడు వాడిన చాలామంది కాన్పు కాగానే మానేస్తారు.

ఇన్సులిన్‌కి భయపడే సరిగ్గా అదే ఇంట్లో, ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో, సగం వాడిన అల్ప్రజొలామ్ అనే నిద్రమాత్రల స్ట్రిప్ ఒకటి ఉంటుంది. దానికి ఎవరూ భయపడరు. షుగర్‌తో రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేవడం, కాళ్ల మంటలు, రేపటి గురించి బెంగ కలిసి నిద్ర పట్టకపోతే, ఎప్పుడో ఎవరో రాసిన పాత చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకున్న మాత్ర అది. నిజంగా అలవాటుగా మారేది ఇదే. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే శరీరం దానికి లొంగిపోతుంది. ఒక మాత్ర చాలక రెండు కావాలి. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, గుండెదడ పుడుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. చట్టప్రకారం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. ఎక్కువకాలం వాడినవారు సొంతంగా ఆపకూడదు, డాక్టర్ సాయంతో మెల్లగా తగ్గించుకోవాలి.

డిప్రెషన్‌కి ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి ఈ కోవలోవి కావు. “మనసు మందులన్నీ మత్తు మందులే” అనే మాటకు బలయ్యేవి మాత్రం ఇవే. వాటితో కైపు రాదు, మోతాదు పెంచుకుంటూ పోవాలన్న కోరిక పుట్టదు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, చిరాకు వంటివి కొన్నాళ్లుంటాయి కాబట్టి వీటినీ క్రమంగానే తగ్గిస్తారు.

“కల్లు చెట్టు నుంచి వచ్చింది, ఏం చేస్తుంది?”

తాటిచెట్టు నుంచి దిగినది ముంతలో చేరేదాకా చెట్టుదే. అప్పటికీ అందులో చక్కెర ఉంటుంది. పులిసేకొద్దీ ఆ చక్కెర ఆల్కహాలు అవుతుంది. అంటే షుగర్ ఉన్న మనిషికి పొద్దున ఒక రకం ఇబ్బంది, సాయంత్రానికి ఇంకో రకం.

తెలంగాణ పల్లెల్లో, హైదరాబాద్ కల్లు కాంపౌండ్లలో అమ్మేదాని సంగతి మరీ వేరు. చెట్టు కల్లు చాలనిచోట కైపు కోసం అల్ప్రజొలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం దశాబ్దాలుగా ఎక్సైజ్ శాఖ పట్టుకుంటున్న కల్తీ. తాగేవాడికి తెలియకుండానే నిద్రమాత్రల వ్యసనం అంటుకుంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డాయి. రోజుల వ్యవధిలోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరస కట్టారు. వణుకు, నిద్రలేమి, పిచ్చిచూపులు, సంధి మాటలు. వాళ్లకు కొత్తగా పిచ్చేమీ పట్టలేదు, రోజూ పడే మత్తు ఒక్కసారిగా ఆగిపోయింది.

అప్పటి అనుభవం షుగర్ కుటుంబాలకూ పనికొస్తుంది. రోజూ తాగే మనిషిని తాళం వేసి కూర్చోబెట్టి మాన్పించడం సాహసం కాదు, ప్రమాదం. ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్, సంధి రావచ్చు. అప్పుడు వచ్చే చెమటలు, వణుకు కూడా చక్కెర పడిపోయినప్పుడు వచ్చేవాటిలాగే ఉంటాయి. రెండూ ఒకేసారి ఉండొచ్చు. అందుకే బాగా తాగే అలవాటున్న షుగర్ రోగి మానడం ఆసుపత్రి పర్యవేక్షణలోనే జరగాలి, విటమిన్ బి1తో సహా.

కాఫీలోనో సాంబారులోనో రహస్యంగా కలిపే “మాన్పించే మందు” దీనికంటే పెద్ద ప్రమాదం. చాలాసార్లు అది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబారి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఏళ్ల షుగర్‌తో గుండె రక్తనాళాలు అప్పటికే బలహీనపడిన మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. భార్యల నిస్సహాయత అర్థం చేసుకోదగ్గదే, కానీ తాగేవాడికి తెలిసి, ఒప్పుకుని వాడాల్సిన మందు అది. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి వేరే మందులు కూడా ఉన్నాయి. వాటిని డాక్టర్ కాలేయం, కిడ్నీల స్థితి చూసి ఎంచుతారు.

“మనోబలం ఉన్నవాడికి ఇవన్నీ రావు”

ఈ మాటకు వసీం అక్రమ్ కథే జవాబు. ప్రపంచ క్రికెట్‌లో మేటి ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. 1997లో, ఆట మంచి ఊపులో ఉండగా టైప్-1 షుగర్ బయటపడింది. ఇన్సులిన్ వేసుకుంటూనే 1999 ప్రపంచకప్‌లో పాకిస్తాన్‌ను ఫైనల్‌కు నడిపించాడు. 2003లో వన్డేల్లో 500 వికెట్లు తీసిన తొలి బౌలర్ అయ్యాడు. ఇంతకంటే మనోబలం ఎవరికుంటుంది?

ఆట ముగిశాక అదే మనిషి కొకెయిన్‌కి బానిసయ్యాడు. 2022లో వచ్చిన ఆత్మకథలో ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఒక పార్టీలో మొదలైంది. నిద్ర, తిండి పోయాయి. షుగర్‌ను పట్టించుకోవడం మానేశాడు. తలనొప్పులు, క్షణక్షణం మారే మూడ్‌లు తోడయ్యాయి. భార్య హుమా పట్టుబట్టి చికిత్సకు పంపింది, మళ్లీ జారాడు. 2009 అక్టోబర్‌లో ఆమె చెన్నై ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ తర్వాతే పూర్తిగా మానేశానని ఆయన చెప్పాడు.

ఇందులో గమనించాల్సింది వరస. వ్యసనం వల్ల నేరుగా షుగర్ పెరగడం ఒక ఎత్తు. ఇన్సులిన్ వేళ, తిండి వేళ, నిద్ర వేళ అన్నీ చెదిరిపోవడం ఇంకో ఎత్తు. షుగర్ అనేది రోజూ డజను చిన్న నిర్ణయాలు అడిగే జబ్బు. నిర్ణయం తీసుకునే మనసే మత్తులో ఉంటే మందు ఎంత మంచిదైతే ఏం లాభం? బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మద్యం వ్యసనంతో బాధపడే నూటికి 86 మందికి ఎలాంటి చికిత్సా అందడం లేదని తేలింది. వాళ్లందరికీ ఇంట్లో దొరికేది ‘కాస్త గట్టిగా ఉండు’ అన్న మాట మాత్రమే.

“షుగర్ వచ్చాక దిగులు మామూలే”

17వ శతాబ్దపు ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్, చాలాకాలం వెంటాడే దుఃఖం వల్లే మధుమేహం వస్తుందని నమ్మాడు. మన పెద్దవాళ్లు “బెంగ పెట్టుకునే షుగర్ తెచ్చుకున్నాడు” అంటారు. బెంగ ఒక్కటే షుగర్‌ను తెచ్చేయదు, వంశం, బరువు, కదలని జీవితం అన్నీ కలవాలి. కానీ విల్లిస్ మరీ తప్పేమీ కాదు. 2008లో అంతకుముందు అధ్యయనాలన్నింటినీ కలిపి చూసినప్పుడు, డిప్రెషన్ ఉన్నవారికి తర్వాత టైప్-2 షుగర్ వచ్చే అవకాశం 60 శాతం దాకా ఎక్కువని తేలింది. షుగర్ ఉన్నవారికి డిప్రెషన్ కూడా ఉండే అవకాశం, లేనివారితో పోలిస్తే సుమారు రెండింతలని 2001 నాటి మరో విశ్లేషణ చెప్పింది. దారి రెండువైపులా ఉంది.

డిప్రెషన్ వేరు, షుగర్‌తో విసిగిపోవడం వేరు. రెండోదానికి వైద్యులు ‘డయాబెటిస్ డిస్ట్రెస్’ అని పేరు పెట్టారు. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రంలో విలియం పొలాన్‌స్కీ బృందం 1995లో దాన్ని కొలిచే 20 ప్రశ్నల పట్టీ తయారుచేసింది. రోజూ సూదులు, లెక్కలు, ‘అంకె ఎంతొచ్చింది’ అన్న అడుగుడు, కళ్లు పోతాయేమోనన్న భయం, భోజనాల దగ్గర “స్వీటు నీకు కాదు” అంటూ పదిమందిలో గిన్నె లాక్కునే పిన్నిగారు. ఇవన్నీ పేరుకుని ఒకరోజు మనిషి మాత్రల డబ్బా పక్కన పడేస్తాడు. దాన్ని అందరూ బద్ధకం అంటారు. అలా విసిగిన మనిషికి చాలాసార్లు కావాల్సింది మందు కాదు. చికిత్సను కాస్త సులువు చేయడం, ఇంట్లో పోలీసుగిరీ తగ్గడం.

రెండు వారాలకు పైగా ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం, రోజంతా దిగులు, ఎందుకూ పనికిరానన్న భావన, చనిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం అది డిప్రెషన్. గుర్తించడం కష్టమయ్యేదీ ఇక్కడే. నీరసం, బరువు తగ్గడం, నిద్ర చెదరడం అధిక చక్కెర లక్షణాలు, డిప్రెషన్ లక్షణాలు కూడా. ‘షుగర్ ఎక్కువైంది’ అని మోతాదు పెంచి పంపించేస్తే అసలు జబ్బు మిగిలిపోతుంది.

చికిత్సతో తేడా ఉంటుందా? దీనికి రుజువు మన విశాఖపట్నంలోనే ఉంది. దిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖలోని నాలుగు క్లినిక్‌లలో, షుగర్, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందితో రెండేళ్లు ఒక పరీక్ష జరిగింది. ఫలితాలు 2020లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చాయి. కొత్త మందులేమీ వాడలేదు. శిక్షణ పొందిన సహాయకులు రోగిని తరచూ పలకరించి, మందులు, మనసు, తిండి అన్నీ అడిగేవారు. షుగర్ డాక్టర్, మానసిక వైద్యుడు కలిసి ఆ వివరాలు చూసి సలహా ఇచ్చేవారు. డిప్రెషన్ సగానికి తగ్గి, దాంతోపాటు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లో కనీసం ఒక్కటైనా మెరుగుపడిన వాళ్లు ఈ పద్ధతిలో నూటికి 71 మందికి పైగా ఉన్నారు. మామూలు పద్ధతిలో 57 మంది. రద్దీ క్లినిక్‌లో ఐదు నిమిషాల డాక్టర్ ఒంటరిగా చేయలేనిది, ఒక్క పలకరించే మనిషి తోడైతే సాధ్యమైంది.

మరికొన్ని మాటలు, క్లుప్తంగా

“సిగరెట్‌కీ షుగర్‌కీ ఏం సంబంధం?” పొగతాగేవారికి టైప్-2 వచ్చే అవకాశం 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక చెబుతోంది. నికోటిన్ ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది, కాళ్ల రక్తనాళాలను ఇరుకు చేస్తుంది. మానేస్తే ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలే, అయినా మానడంలో లాభమే ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని) పీల్చే ఆడవాళ్లనూ, జర్దా నమిలేవాళ్లనూ ఏ షుగర్ క్లినిక్‌లోనైనా “మీకు పొగాకు అలవాటుందా” అని విడిగా అడగాలి. సిగరెట్ గురించి అడిగితే వాళ్లు లేదనే చెబుతారు.

“మానసిక మందులతో షుగర్ వస్తుంది.” ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి కొన్నింటి విషయంలో ఇది అపోహ కాదు. అవి బరువును, చక్కెరను పెంచగలవు. అందుకే అవి మొదలుపెట్టే ముందు, తర్వాత కూడా బరువు, నడుము కొలత, చక్కెర, కొలెస్ట్రాల్ చూడాలని 2004లోనే అమెరికా షుగర్, మానసిక వైద్య సంఘాలు కలిసి చెప్పాయి. మందు మానేయడం పరిష్కారం కాదు, మార్చమని అడగవచ్చు. మరోవైపు, డిప్రెషన్‌కి వాడే డ్యులాక్సిటిన్‌నే షుగర్ వల్ల వచ్చే కాళ్ల మంటలకూ ఇస్తారు. చీటీలో అది చూసి ‘నన్ను పిచ్చివాణ్ణనుకున్నారు’ అని చింపేయనక్కర్లేదు.

“ఇన్సులిన్ మానేస్తే సన్నబడతా.” టైప్-1 ఉన్న టీనేజీ పిల్లల్లో కొందరు, ముఖ్యంగా అమ్మాయిలు, ఇలా రహస్యంగా డోసు ఎగ్గొడతారు. చక్కెర మూత్రంలో పోయి బరువు తగ్గుతుంది, నిజమే. ఆ వెంటే కీటోన్లు పేరుకుని (కీటోఅసిడోసిస్) ఐసీయూ పాలవుతారు. పదేపదే కీటోఅసిడోసిస్‌తో వచ్చే పిల్లను తిట్టడానికి ముందు, తన ఒళ్లు తనకెలా కనిపిస్తోందో అడగాలి.

సాయం దగ్గర్లోనే ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన కేంద్రప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు పదార్థాల వ్యసనానికి 14446, పొగాకు మానడానికి 1800-112-356. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బుల చికిత్సకూ బీమా సంస్థలు కవరేజీ ఇవ్వాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే ఆ చట్టం పేరు చెప్పి రాతపూర్వకంగా అడగండి. ఈసారి షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు మరో చీటీ కూడా పట్టుకెళ్లండి: వారానికి ఎన్ని పెగ్గులు, ఎన్ని బీడీలు, ఏ నిద్రమాత్ర, ఎన్ని రోజులుగా నిద్ర లేదు. డాక్టర్ అడగకపోతే మీరే చెప్పండి.